టోపీ ఎత్తిన మనిషి

"ఆత్మహత్య," అన్నాడు ఉల్రిక్, శవం మీద కప్పిన గుడ్డ కూడా ఎత్తకుండా. "పార్కు పోయింది, పరువు పోయింది, ముసలాడు పైనుంచి దూకాడు. రాసుకో టోఫ్ట్. మధ్యాహ్నం రైలుకి నేను కోపెన్‌హాగెన్ వెళ్ళిపోవాలి."

నేను రాసుకోలేదు. నా చేతులు కోటు జేబుల్లోంచి బయటికి రాలేదు. పొద్దుటినుంచీ నవంబరు వాన సన్నగా పడుతూనే ఉంది. ఒంట్లో వేడి అనేది ఎక్కడైనా మిగిలి ఉంటే అది ఆ జేబుల్లోనే ఉంది.

ప్రెబెన్ ఉల్రిక్ రాజధానినుంచి మా ఓడెన్సేకి వేరే కేసు మీద వచ్చిన ఇన్‌స్పెక్టర్. వయసులో నాకంటే చిన్న, హోదాలో పెద్ద. పోయినవాడు పేరున్న మనిషి కాబట్టి పైవాళ్ళు ఈ కేసు కూడా అతని నెత్తినే పెట్టారు. ఊరు తెలిసినవాణ్ణి ఒకణ్ణి తోడివ్వాలని నన్ను పంపారు. అంటే కారు నడపడానికీ, కాఫీ తేవడానికీ.

గుడ్డ కింద ఉన్నది వాల్డెమార్ రీస్, సోల్‌హేవెన్ అనే వినోదాల పార్కు యజమాని. జర్మన్ సైన్యం లారీలు నిలుపుకున్న ఖాళీ స్థలంలో, యుద్ధం ముగిసిన రెండేళ్ళకే ఆ పార్కు కట్టాడు. అయిదేళ్ళు నవ్వు మరిచిపోయిన ఊరు ఊరంతా ఇక్కడికొచ్చి పడింది. కాఫీ దొరకని రోజుల్లో కూడా ఇక్కడి కొండ రైలు దగ్గర క్యూ గేటు దాటి కాలవగట్టుదాకా పాకేది. నా భార్య దగ్గర నేను పెళ్ళి మాట ఎత్తింది ఆ క్యూలోనే. ఇప్పుడు ఆవిడా లేదు, ఆ క్యూ కూడా లేదు.

యాభై అయిదులో పెంతెకొస్తు పండగ రోజున కొండ రైలు మలుపులో అదుపు తప్పి ఇద్దరు చచ్చిపోయారు. బ్రేకు పట్టిన ఆక్సెల్ అనే యువకుడు ఏమరుపాటుగా ఉన్నాడని కోర్టు తేల్చింది. జైలుకు వెళ్ళిన ఏడాదికే అతనూ పోయాడు. ఆ తర్వాత జనం పల్చబడ్డారు. ఇళ్ళల్లోకి టీవీ వచ్చింది, వాకిట్లోకి కారు వచ్చింది, ఈ స్థలానికి లీజు పొడిగింపు మటుకు రాలేదు. మొన్న సెప్టెంబరులో దీపాలు ఆర్పేశారు. ఇవాళ పొద్దున్న కొండని పడగొట్టడానికి వచ్చిన కూలీలకి, దాని కింద యజమాని దొరికాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, ఒక్కసారి పైకి చూస్తారా?" అన్నాను.

"కళ్ళల్లో వాన పడుతుంది."

"పడనివ్వండి. శిఖరం కింద ఆ తెల్ల పూత ఉంది చూశారా?"

కొండ అంటే నిజం కొండేం కాదు. చెక్క దూలాల మీద పట్టాలు, ఆ దూలాలు కనపడకుండా మంచుకొండలా కనిపించేట్టు చుట్టూ సున్నపు పూత. గట్టిగా గుద్దితే పగిలిపోయే సరుకు.

"శిఖరం మీదనుంచి దూకినవాడు దాని మీదే పడాలి," అన్నాను. "అది పెచ్చు కూడా ఊడలేదు. శవమేమో ఇక్కడుంది, దిగువ మలుపుకి బయట. అంటే ఆయన దూకలేదు. పరుగెడుతున్న బండిలోంచి మలుపులో విసురుగా బయట పడ్డాడు."

"సరే, పరుగెడుతున్న బండిలోంచి దూకాడు. చచ్చినవాడు చచ్చినవాడే కదా."

"మరి ఆ బండేదీ?"

ఉల్రిక్ చుట్టూ చూశాడు. నేను అతన్ని ప్లాట్‌ఫారం దగ్గరికి తీసుకెళ్ళాను. మూడు పెట్టెల చెక్క బండి తన చోట తాను బుద్ధిగా నిలబడి ఉంది. నడిమి పెట్టెలో బ్రేకు మీట వెనక్కి లాగి బిగించి ఉంది. సీట్లు తడవకుండా మందపాటి గుడ్డ కప్పి, తాళ్ళు కట్టి ఉన్నాయి.

"దూకి చచ్చినాయన మళ్ళీ లేచొచ్చి, బండి ఆపి, గుడ్డ కప్పి, ముడులు వేసి, తీరిగ్గా వెళ్ళి చచ్చాడంటారా?"

ఉల్రిక్ మొహం కొంచెం ఎర్రబడింది. కానీ మూర్ఖుడు కాదు, అదే చిక్కు. వెంటనే మాట మార్చేశాడు.

"అంటే ఇంకొకడున్నాడు. ఈ బండి దానంతటది ఆగదా?"

"ఆగదు. యంత్రం కొండ ఎక్కించడానికే. అక్కణ్ణించి దిగి వచ్చేదంతా బ్రేకు పట్టే మనిషి చేతిలోనే. లాగేవాడు లేకపోతే బండి ప్లాట్‌ఫారం దాటి అవతలి గోడని గుద్దేది."

"బ్రేకు పట్టేవాడెవడు?"

"ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు. ఓలుఫ్ బ్రాండ్. పార్కు తెరిచిన రోజునుంచీ..."

అని నాలుక కరుచుకున్నాను. అప్పటికే ఉల్రిక్ పళ్ళు బయటపెట్టి నవ్వుతున్నాడు.

"చూశావా? నువ్వు పనికొస్తావయ్యా అప్పుడప్పుడు. ఆత్మహత్య కొట్టెయ్. హత్య. పదమరి, మీ ఓలుఫ్‌ని చూద్దాం."

పనివాళ్ళ గదిలో పొయ్యి వెలుగుతోంది. ఓలుఫ్ బ్రాండ్ బెంచీ మీద కూర్చుని ఎడమ చేత్తో కాఫీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు, ఎవరి మొహమూ సూటిగా చూడని కళ్ళు. ఎదురుగా రీస్ కూతురు మెరేటె. నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు, టికెట్ల గదిలోనే వయసంతా గడిచింది. ఏడ్చినట్టు లేదు. కప్పు రెండు చేతులా పట్టుకుని అందులోకే చూస్తోంది.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్?" అని మొదలుపెట్టాడు ఉల్రిక్.

"ఇంట్లో," అన్నాడు ఓలుఫ్.

"ఏం చేస్తున్నావ్?"

"రొట్టె మీద లివర్ పేస్టు రాసుకుని తిన్నాను. పడుకున్నాను."

"సాక్ష్యం?"

"మా పిల్లి."

"హాస్యమా?"

"లేదు సార్. దానికీ కొంచెం పెట్టాను."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఉల్రిక్ మెరేటె వైపు తిరిగాడు.

"మీరో?"

"నేనూ ఇంట్లోనే. నాన్న చీకటి పడేముందు బయటికి వెళ్ళారు. రాత్రి రాలేదు. ఆఫీసులోనే పడుకున్నారనుకున్నాను. ఈమధ్య అలాగే చేస్తున్నారు."

ఆమె గొంతు సాఫీగా ఉంది. మరీ సాఫీగా ఉంది. అప్పుడు నేను అడగకూడని వేళ అడగకూడని మాట అడిగాను.

"ఓలుఫ్, బండికి ఆ గుడ్డ ఎందుకు కప్పావ్? ఎలాగూ ఇవాళ ముక్కలు చేసేస్తారు కదా."

"ఇవాళ ముక్కలు చేస్తారని నిన్న తడవనిస్తామా సార్?"

అనేశాడు. కోపంగా కూడా అన్నాడు. ఇరవై ఏళ్ళు ప్రతి సాయంత్రం చేసిన పని, చెయ్యి దాని దారిన అది చేసేసింది, నోరు దాని దారిన అది ఒప్పేసుకుంది.

"ఇంట్లో పడుకున్నావన్నావ్," అన్నాడు ఉల్రిక్ మెత్తగా.

ఓలుఫ్ కప్పు కింద పెట్టాడు. మెరేటె వైపు చూడలేదు, కావాలని చూడలేదు.

"ఇక్కడే ఉన్నాను. ఆఖరిసారి బండెక్కాలని రీస్ గారికి కోరిక పుట్టింది. ఇవాళ కరెంటు తీసేస్తారు కదా, అందుకని నిన్న. నేనే తీసుకెళ్ళాను. నేనే చంపాను. రాసుకోండి."

మెరేటె చేతిలో కప్పు ఒలికి కాఫీ ఆమె ఒళ్ళో పడింది. ఆమె తుడుచుకోలేదు.

ఉల్రిక్ బేడీలు తీశాడు. ఓలుఫ్ ఎడమ చెయ్యి చాపాడు. ఉల్రిక్ కుడి చెయ్యి కూడా పట్టుకుని పైకి లాగేసరికి ముసలాడు కెవ్వుమన్నాడు. చెయ్యి ఛాతీ ఎత్తుకి కూడా లేవలేదు.

"ఈ భుజం ఎన్నాళ్ళనుంచి ఇలా?" అన్నాను.

"బాగానే ఉంది."

"బాగానే ఉంటే రా, బ్రేకు లాగి చూపించు."

"టోఫ్ట్!" అన్నాడు ఉల్రిక్. "నేరం ఒప్పుకున్నవాడికి పరీక్షలు పెడతావేంటి?"

"ఒక్క నిముషం. మీ రైలెక్కడికీ పోదు."

ప్లాట్‌ఫారం మీద ఓలుఫ్ నడిమి పెట్టె ఎక్కాడు. బిగింపు తీసి మీట పట్టుకుని, కాళ్ళు అడ్డంపెట్టి లాగాడు. ఎడమ చేత్తో లాగాడు. తర్వాత కుడి చెయ్యి కూడా వేసి లాగాడు. మొహం మీద చెమట పట్టింది కానీ మీట బెత్తెడు కూడా రాలేదు. ఆ అవస్థ చూడలేక నేను తల తిప్పుకున్నాను.

"దిగు ఓలుఫ్. ఇంకో సంగతి. బండి కొండెక్కాలంటే ఆ మోటారు గదిలో మీట నొక్కి పట్టుకోవాలి. అవునా?"

"అవును."

"చెయ్యి తీస్తే?"

"మధ్యలో ఆగిపోతుంది. శిఖరం దాటేదాకా తీయకూడదు."

"మరి నువ్వు ఆ గదిలో ఉంటే బండి మీద ఎవరున్నారు? బండి మీదుంటే గదిలో ఎవరున్నారు?"

ఓలుఫ్ బూట్ల వైపు చూసుకున్నాడు. వాన అతని మెడలోకి కారుతోంది.

"నేనే చంపానని చెప్పాను కదా సార్," అన్నాడు. "మీకెందుకింత యాతన?"

"విన్నావుగా," అన్నాడు ఉల్రిక్. "నిందితుడికి అభ్యంతరం లేదు, నాకూ లేదు. నీకేంటి బాధ?"

"చెయ్యని పనికి ఈ వయసులో జైలుకు పోతే, శవంగానే బయటికొస్తాడు. అదీ బాధ."

"నీ భావాలు బావున్నాయి. ఒక ఒప్పుకోలు, ఒక శవం, ఒక బండి. జడ్జీకి ఇవి చాలు. కూలీలు గేటు దగ్గర పడిగాపులు కాస్తున్నారు. వాళ్ళని పని మొదలెట్టమను."

"కొండ పడగొడితే సాక్ష్యం పోతుంది."

"ఏం సాక్ష్యం?"

"టోపీ," అన్నాను.

పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాను. శిఖరం మీద కటకటాల సందున బూడిద రంగు టోపీ ఇరుక్కుని ఉంది. ఆ టోపీ కథ మా ఊళ్ళో అందరికీ తెలుసు, కోపెన్‌హాగెన్ మనిషికి మాత్రం చెప్పాల్సొచ్చింది. ఏటా పార్కు తెరిచే రోజున మొదటి బండి ముందు వరసలో రీస్ ఒక్కడే కూర్చునేవాడు. బ్రేకు పట్టేవాడు బండిని శిఖరం మీద ఆపేవాడు. రీస్ లేచి నిలబడి, టోపీ తీసి ఊరికి చూపించేవాడు. కింద బ్యాండు మోగేది, జనం కేకలు వేసేవాళ్ళు. ఆయన మళ్ళీ కూర్చునేదాకా బ్రేకు వదలకూడదు. అది అక్కడి నియమం. ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కూడా కాదు. వెనకున్న చెయ్యి మీద అంత నమ్మకం.

"ఆయన్ని ఎవరూ నెట్టలేదు," అన్నాను. "నెట్టాల్సిన అవసరమే లేదు. నిలబడి ఉండగా బ్రేకు వదిలారు. టోపీ అక్కడే ఎగిరి పడింది. మనిషి సీటు మీద పడి, సర్దుకునేలోపు మలుపు వచ్చింది. నేను పైకెళ్ళి ఆ టోపీ చూడాలి."

"మెట్లెక్కి వెళ్ళు."

"మెట్లూ, నడక పలకలూ కూలీలు నిన్ననే పీకేశారు. బండిలోనే వెళ్ళాలి. ఓలుఫ్ వల్ల కాదని చూశారుగా. ఇంకెవరికి వచ్చు బ్రేకు?"

"ఎవరికీ రాదు," అన్నాడు ఓలుఫ్ గబుక్కున.

"నాకు వచ్చు," అంది మెరేటె.

ఎప్పుడు వచ్చిందో మా వెనకే నిలబడి ఉంది. నెత్తి మీద గుడ్డ కూడా లేదు.

"వద్దమ్మా," అన్నాడు ఓలుఫ్. "వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చో."

"ఇంక చాలు మామా. ఆ బేడీలు చూస్తూ నేను కూర్చోలేను."

ఆమె స్తంభానికి వేలాడుతున్న తోలు చేతొడుగు తీసుకుంది. గుడ్డ తాళ్ళు విప్పింది. ఒక్క ముడి దగ్గర కూడా తడుముకోలేదు. నడిమి పెట్టెలో కూర్చుని, కాలు ఎక్కడ ఆనించాలో అక్కడ ఆనించి, నడుం వెనక్కి వంచి మీట లాగి చూసింది. బండి కిర్రుమంది. నాకు అంతా అర్థమయింది. ఉల్రిక్‌కి కూడా అర్థమయినట్టుంది.

"ముందు వరసలో కూర్చోండి టోఫ్ట్ గారూ," అంది. "పైన మాట్లాడుకుందాం. కింద మామ నన్ను మాట్లాడనివ్వడు."

భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ ఓలుఫ్ మెడకి చుట్టుకున్నది నా నోటి మాటే. ఆ ముడి విప్పాల్సిందీ నేనే. ఎక్కి కూర్చున్నాను. చెక్క సీటు ఐసు ముక్కలా ఉంది.

మోటారు గదిలో మీట పట్టుకునే యోగం ఉల్రిక్‌కే పట్టింది. పక్కన బేడీలతో నిలబడి ఓలుఫ్ చెబుతున్నాడు, "చెయ్యి తియ్యకండి సార్. తీస్తే వాళ్ళు మధ్యలో వేలాడతారు. ఎప్పుడు తియ్యాలో నేను చెబుతాను."

"హంతకుడి దగ్గర పని నేర్చుకోవడం ఇదే మొదలు," అంటున్నాడు ఉల్రిక్. అదే నాకు వినిపించిన ఆఖరి మాట. తర్వాత గొలుసు చప్పుడులో అన్నీ మునిగిపోయాయి.

బండి ఎక్కుతూ ఎక్కుతూ శిఖరం మీదికి వచ్చింది. గొలుసు వదిలేసింది. వెనక మెరేటె మీట లాగిన చప్పుడు, బండి ఒక్కసారి వణికి ఆగింది. ముందు పెట్టె సగం దిగువకి వంగి ఉంది. నా కాళ్ళ కింద పట్టాలు నిటారుగా పడిపోతున్నాయి.

"లేవండి," అంది. "నాన్న కూడా అక్కడే లేచారు."

లేచాను. ఏమైతే అదైందని లేచాను. టోపీ చేతికందింది. తడిసి బరువెక్కి ఉంది. దాన్ని పట్టుకుని వెనక్కి తిరిగాను.

"మీరే వదిలారు."

"నేనే వదిలాను. ఓలుఫ్ మామ కింద మీట పట్టుకున్నాడు. నాన్న పడిపోయాక మళ్ళీ లాగాను. బండిని పట్టాల మీద వదిలెయ్యకూడదని నాకు నేర్పారు. ప్లాట్‌ఫారందాకా తీసుకొచ్చి ఆపాను."

"ఎవరు నేర్పారు?"

"మామే. చలికాలం పార్కు మూసి ఉన్నప్పుడు. ఆడపిల్లకి బ్రేకేంటని నాన్న ఒప్పుకోరని దొంగచాటుగా. ఆక్సెల్‌కీ నాకూ కలిపి నేర్పాడు. ఆక్సెల్‌ని నేను పెళ్ళి చేసుకోవాల్సింది. ఆ వేసవిలోనే."

ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు.

"ఆ ప్రమాదంలో ఆక్సెల్ తప్పు లేదు," అంది. "పట్టాని అదిమి బండిని ఆపే బ్రేకు తోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. మార్చాలంటే ఒక రోజంతా కొండ మూసెయ్యాలి. పండగ రోజు ఎలా మూస్తామన్నారు నాన్న. కోర్టులో మాత్రం తోళ్ళు కొత్తవని ప్రమాణం చేశారు. మామ పక్కన నిలబడి అవునని తలూపాడు. ఉద్యోగం పోతుందని."

"మీ నాన్న నిన్న ఇక్కడ ఒప్పుకున్నారా?"

"నాన్నా?" మొదటిసారి నవ్వింది, చూడలేకపోయాను ఆ నవ్వు. "నాన్న ఊరికి టోపీ చూపిస్తూ, మనం బాగా బతికాం కదే అన్నారు. నాకు చెప్పింది ఓలుఫ్ మామ. కింద, ప్లాట్‌ఫారం మీద, నాన్న ముందు వరసలో కూర్చున్నాక. ఈ తొడుగు నా చేతికి తొడుగుతూ చెవిలో చెప్పాడు."

చలి ఒక్కసారి ఎముకల్లోకి దిగింది.

"పదమూడేళ్ళు దాచినవాడు నిన్న సాయంత్రమే ఎందుకు చెప్పాడు?"

"నేనూ అదే అడుగుదామనుకున్నాను. అప్పటికే బండి కదిలింది. మోటారు మీట మామ చేతిలోనే ఉంది."

కిందికి చూశాను. ఓలుఫ్ మోటారు గది బయటికి వచ్చి, వానలో తలెత్తి నిలబడ్డాడు. నా వైపు చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు. ఆమె కోసం ప్రాణం అడ్డంపెడుతున్నాడని పొద్దుటినుంచీ నేను జాలి పడ్డ మనిషి. పదమూడేళ్ళ పగ తీర్చుకోవడానికి తన చేతిలో సత్తువ లేదు కాబట్టి ఆమె చెయ్యి వాడుకున్నాడు. నేనే చంపానని అతను అన్నది అబద్ధం కాదు.

"ఇప్పుడు చెప్పండి," అంది మెరేటె. "కిందికెళ్ళాక ఎవర్ని తీసుకెళతారు?"

ఏ పోలీసువాడైనా చెప్పే మాటే చెప్పాను.

"ముందు బండిని కిందికి తీసుకెళ్ళండి. తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఆమె మీట మీద తొడుగున్న చెయ్యి సర్దుకుంది.

"పండగ రోజు పొద్దున ఆక్సెల్‌తో నాన్న కూడా అదే అన్నారట," అంది. "ముందు బండి తియ్యి, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం అని."

నేను మెల్లగా, ఆమె మొహం మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చోబోయాను. ఇంకా పూర్తిగా కూర్చోనే లేదు, బ్రేకు తోళ్ళు పట్టా మీదనుంచి లేచిన చప్పుడు వినిపించింది.